ట్రాక్టర్లను, మోటారు బండ్లను పైకెత్తు విధానము – అందలి జాగ్రత్తలు

పత్తి తీతలు మొదలగుటతోడనే ఆదోని మార్కెటు యార్డునకు పోవు దారులన్నియు ట్రాక్టరు ట్రాలీలతోను, చిన్న వ్యానులతోను నిండిపోవుట మన సభ్యులందఱు నెఱిగినదే. మన తాతల కాలమున ఇదే పత్తి, ఇదే వేరుసెనగ ఎడ్లబండ్లమీద రాత్రియంతయు నడచి తెల్లవాఱుసరికి పట్టణము చేరుచుండెడిది. బండి మాఱినది. బండితోపాటు దానిని బాగుచేయు తావును మాఱినది. వడ్రంగి కొట్టమునకు, కమ్మరి కొలిమికి బదులుగా నేడు ఆదోనిలోను, ఎమ్మిగనూరిలోను, ఈ రెండు పట్టణములను కలుపు సుమారు 30 కిలోమీటర్ల దారి ప్రక్కలను మరమ్మతు షెడ్లు వెలసియున్నవి. ఆ షెడ్లలో ప్రతిదినమును టన్నులకొలది బరువుగల బండ్లు పైకి లేచుచుండును. వాని క్రిందికి మనుష్యులు దూఱుచుందురు. ఆ బండి యెట్లు లేచుచున్నది, లేచినపిదప దేనిమీద నిలిచియున్నది, క్రిందికి పోవువాడు పోకముందు ఏమేమి చూచుకొనవలెను అను విషయములను ఈ నెల వ్రాయదలచితిమి.

ఇది మెకానిక్కుల పని, రైతులకేల యని కొందఱు తలంపవచ్చును. మన ప్రాంతమున బండి నెత్తు పనిలో చాలభాగము షెడ్డులో జరుగదు. చేనిగట్టున, కాలువదారిని, ఇంటి ముంగిట జరుగును. ఎత్తువాడు రైతే, లేదా రైతు కుమారుడే, లేదా కూలికి వచ్చిన డ్రైవరు. షెడ్డునకు పోయినను బండి యజమాని దూరముగ కూర్చుండడు. మేస్త్రీ ప్రక్కన చేరి తానును తల వంచి చూచును. ఆ షెడ్లలో పానాలందించు కుఱ్ఱవారు మన పల్లెల పిల్లలే. కావున ఇది మన యింటి విషయమే.

మొదట ఎడ్లబండి మాట చెప్పుదుము. ఇరుసునకు కందెన వేయునపుడు మన పెద్దలేమి చేయుచుండిరి? ఎడ్లను విప్పి, కాడిక్రింద ఊతకఱ్ఱ నిలిపి, రెండవ చక్రమునకు ముందు వెనుకల రాళ్ళు పెట్టుదురు. పిదప ఒక గట్టి దుంగను ఇరుసుక్రింద జొనిపి ఇద్దఱు మనుష్యులు దానిని మీటి బండిని లేపుదురు. లేచిన వెంటనే మూడవవాడు ఇరుసుక్రింద తుమ్మదిమ్మ నొకదానిని త్రోయును. మీటినవారు దుంగను వదలి, బండి దిమ్మమీద కూర్చున్నదని చూచినపిదపనే కడచీల తీసి చక్రమును జరుపుదురు. దుంగ పట్టుకొని యుండగా ఎవ్వడును చేయి లోనికి పెట్టడు. ఎత్తునది వేఱు, మోయునది వేఱు. దుంగ యెత్తినది, దిమ్మ మోసినది. నేటి యంత్రములలో ఎత్తు పని మిక్కిలి సులువైపోయినది. పసివాడుకూడ రెండు టన్నుల నెత్తగలడు. ఆ సులువును చూచి మోయు దిమ్మను మఱచిపోవుచున్నాము. ఈ పనిలో మేము వినిన ప్రమాదములలో పెక్కింటికి కారణమిదియే.

చిన్న జాకీ అంత బరువును ఎట్లు లేపునో తెలిసినచో దానిని ఎంతవఱకు నమ్మవచ్చునో కూడ తెలియును. పత్తిని బేళ్ళు కట్టు ప్రెస్సును ఆదోనిలో చూచినవారికి ఇది సులభముగా బోధపడును. జిన్నింగు మిల్లులో గింజ తీసిన దూదిని ఆ ప్రెస్సు అదిమి 170 కిలోల బేలుగా కట్టును. ఆ బలము నూనెనుండి వచ్చును. మూసియున్న ద్రవమును ఒకచోట ఒత్తినచో ఆ ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా ప్రాకునని ఫ్రాన్సు దేశపు పాస్కలు 17వ శతాబ్దమున నిరూపించెను. ఇంగ్లాండున జోసెఫ్ బ్రామా యనునతడు ఈ ధర్మము నాధారముగా జేసికొని 1795లో ప్రెస్సు యంత్రమునకు పేటెంటు పొందెను. లెక్క చాల చిన్నది. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యముగల సన్నని ముషలకమును 20 కిలోల బలముతో నొత్తినచో, అదే నూనె 50 చదరపు సెంటీమీటర్ల వెడల్పుగల పెద్ద ముషలకమును 1000 కిలోల బలముతో పైకి త్రోయును. ఊరక వచ్చినది కాదు. చిన్నది 50 సెంటీమీటర్లు దిగినగాని పెద్దది ఒక సెంటీమీటరు లేవదు. అందుచేతనే జాకీపిడిని అన్నిమాఱులు కొట్టవలసి వచ్చును.

ఆ 1000 కిలోలను పైన నిలుపుచున్నదేమి? నూనె వెనుకకు పోకుండ అడ్డుపడు చిన్న ఉక్కు గోళీ యొకటి, ముషలకము చుట్టును ఉండు రబ్బరు సీలు ఒకటి. గోళీక్రింద ఇసుక రేణువొకటి చేరినను, సీలు ఎండకు గట్టిపడి చిట్లినను నూనె జాఱును. ఒక్కొకప్పుడు గంటకొక వ్రేలెడు చొప్పున దిగును. ఒక్కొకప్పుడు సీలు ఒక్కసారిగా విడిపోయి బండి కూలును. ఏది యెప్పుడు జరుగునో బయటినుండి చూచి చెప్పుటకు వీలులేదు. మఱజాకీ, అనగా మఱలు త్రిప్పి యెత్తునది, ఈ విషయమున మేలు. అది తనంతట దిగదు. కాని అది సన్నగా పొడుగుగా నుండుటచే ప్రక్కకు వాలి పడిపోవును. రెండింటిలో ఏదియు మనిషి ప్రాణమును మోయుటకు చేసినది కాదు.

ఇక షెడ్డులలోని పెద్ద లిఫ్టుల మాట. కారులను, వ్యానులను ఎత్తుటకు భూమిలోనుండి స్తంభమువలె లేచు హైడ్రాలిక్ లిఫ్టును అమెరికాలో మెంఫిసు నగరమునకు చెందిన పీటర్ లునాటి రూపొందించి 1925లో పేటెంటు పొందెను. మంగలి దుకాణములో కుర్చీ పైకి లేచుట చూచి అతనికి ఈ యూహ కలిగెనని చెప్పుదురు. బండ్లు కడిగి గ్రీజు పెట్టు సర్వీసింగు స్టేషనులలో మనము చూచు ఒంటిస్తంభపు లిఫ్టు ఆ జాతిదే. ఇటీవల మరమ్మతు షెడ్లలో రెండు స్తంభముల లిఫ్టులు వచ్చినవి. రెండు ఉక్కు కంబములు నేలకు బోల్టులతో బిగింపబడియుండును. ఒక్కొక్క కంబమునుండి రెండేసి చేతులు బయటికి వచ్చి బండిని నాలుగు చోట్ల పట్టి లేపును.

ఈ లిఫ్టునందు మన తుమ్మదిమ్మకు బదులుగ ఉన్నది తాళము. కంబములోపల మెట్లు మెట్లుగా పళ్ళుండును. చేతులు లేచుకొలది ఒక ఉక్కు నాలుక ఆ పళ్ళపై టక్కు టక్కుమని పడుచు పోవును. నూనె కాఱిపోయినను, లోపలి ఉక్కుతాడు తెగినను ఆ నాలుక పంటికి తగులుకొని బండిని నిలుపును. ఈ యూహకూడ పాతదే. 1854లో న్యూయార్కు ప్రదర్శనశాలలో ఎలిషా ఓటిస్ అనునతడు తానే లిఫ్టు పలకపై నిలువబడి, అందఱు చూచుచుండగా పైనున్న తాడును తెగగొట్టించెను. పలక ప్రక్కపళ్ళకు చిక్కి నిలిచిపోయెను. కపిలతాడు తెగిన బాన తిన్నగా బావిలో పడునని యెఱిగిన మనకు ఆ తాళము విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయితే తాళమున్నంతమాత్రమున చాలదు. బండిని కావలసిన యెత్తునకు లేపినపిదప, మీటను కొంచెము దింపి చేతులను పంటిమీద కూర్చుండబెట్టవలెను. అపుడే బరువు నూనెమీదినుండి ఉక్కుమీదికి మాఱును. త్వరపడు మేస్త్రీలు పైకి లేపి మోటారు ఆపి అట్లే క్రిందికి పోవుదురు. దింపునపుడు మరల పైకెత్తి తాళము విడిపింపవలసి వచ్చునని విసుగు. ఇట్టిచోట బండి నూనెమీదనే వ్రేలాడుచుండును. రైతు దీనిని ప్రక్కనుండి కనిపెట్టగలడు. కడపట బండి ఒక్క వ్రేలెడు క్రిందికి దిగి, రెండు కంబములలోను కటుక్కుమని చప్పుడై, కదలక నిలిచినదా లేదా చూడవలెను. ఒక కంబమున మాత్రమే చప్పుడైనచో రెండవ తాళము పనిచేయుటలేదన్నమాట. అట్టి లిఫ్టు నుండి బండిని దింపించి తీసికొనిపోవుటయే మేలు. మేస్త్రీకి కోపము వచ్చినను రానిండు.

బండిని నాలుగు చేతులపై కూర్చుండబెట్టుటలో కావడి నేర్పు కావలెను. కావడి మోయువాడు బద్దను భుజముపై సరిగా నడిమికి పెట్టుకొనడు; బరువు ఎటువైపు ఎక్కువయో చూచి అటు జరుపుకొనును. వ్యానులో ఇంజను ముందుండును, సరకు వెనుకనుండును. ఎరువు బస్తాలో, విత్తనపు సంచులో వెనుక వదలి బండిని షెడ్డులో నప్పగించినచో బరువు వెనుకకు పోవును. అందుచే సరకు దింపియే బండి నియ్యవలెను. చేతులు తగులవలసిన చోట్లు బండిక్రింద తయారీదారు గుర్తించియే యుంచును. ఆ గట్టి చోట్లను విడిచి పలుచని రేకుక్రింద పెట్టినచో రేకు నొక్కుకొనిపోయి బండి ప్రక్కకు జాఱును. నేర్పుగల మేస్త్రీ చక్రములు నేలను విడిచి జానెడు లేవగానే ఆపి, బండిని రెండు చేతులతో గట్టిగా ఊపి చూచును. ఊపునకు కదలినచో మరల దింపి చేతులు సర్దును. పైకి పోయినపిదప ఇంజనునో, గేరుపెట్టెనో, వెనుక ఇరుసునో విప్పునపుడు కావడిలో ఒక కుండను తీసివేసినట్లగును, రెండవవైపు దిగబడును. అట్టి పెద్ద భాగములు విప్పుటకు ముందు, రెండవ కొన క్రింద పొడుగుపాటి స్టాండు నిలుపవలెను. ఇక బరువుమాట. కంబముపై ఇన్ని టన్నులని వ్రాసియుండును. 4 టన్నులకు చేసిన లిఫ్టు 4 టన్నులనే మోయును. ఆ వ్రాత చెఱిగిపోయిన లిఫ్టు క్రిందికి మనము పోరాదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. ఇది నల్లరేగడి నేల. వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. ఆ నెఱ్ఱెలు చేనులో పంటవేళ్ళను తెంపినట్లే షెడ్డులో గచ్చును పగులగొట్టును. రెండు కంబముల లిఫ్టు ఆ గచ్చుకు బిగించిన బోల్టుల బలముమీదనే నిలుచును. గచ్చు పగిలినచో బోల్టు వదులగును. బోల్టు వదులైనచో కంబము ఏ కొంచెమో లోనికి వాలును. ఎఱ్ఱనేలమీదను, రాతినేలమీదను ఇంత భయము లేదు. రేగడిమీద షెడ్డు కట్టువారు నల్లమన్నును గట్టినేల తగులువఱకు త్రవ్వి తీసి, గరుసు పోసి దిమ్మిసకొట్టి, ఇనుపకడ్డీలతో కూడిన కాంక్రీటు వేయవలెను. పై ఖర్చున కాశించి పాత గచ్చుకే బోల్టులు దిగగొట్టించిన చోట్ల కంబము మొదట చుట్టును సన్నని చీలికలు కనబడును. బండి నిచ్చుటకుముందు ఆ మొదలు చూచుటకు అర నిమిషము చాలును.

రేగడి చేసెడి మోసము చేనిదారిలో ఇంకను ఎక్కువ. కొన్ని సంవత్సరముల క్రిందట ఎమ్మిగనూరు దాపున ఒక కాలువగట్టు ప్రక్కను మేము కన్నులార చూచినది చెప్పుదుము. వేరుసెనగ బస్తాలతో పోవుచున్న ట్రాలీచక్రము పంక్చరైనది. మునుపటి రాత్రి చిన్న జల్లు పడియుండెను. పైమన్ను ఆఱినట్లే కనబడినది. డ్రైవరు జాకీక్రింద ఒక నాపరాతిపలక వేసి, బస్తాలు దింపకయే ఎత్తెను. చక్రము లేచినది, నట్లు విప్పెను, చక్రమును లాగివేసెను. విడిచక్రము తెచ్చుటకై అతడు ట్రాలీ వెనుకకు తిరుగగానే పలక ఫెళుక్కున రెండుగా విఱిగెను. జాకీ మన్నులోనికి వాలి ట్రాలీ ఇరుసు నేలను తాకెను. రెండు నిమిషములకు ముందు అతని మోకాళ్ళు ఆ ఇరుసుక్రిందనే యుండెను. అతడు చాలసేపు మాటాడక గట్టుపై కూర్చుండెను. మేమందఱము కలసి బస్తాలు దింపితిమి; మొదటనే దింపియున్నచో అరగంట పని.

నాపరాయి ఇంటిలో పఱచుటకు మంచిది. క్రింద అంతటను ఆనియున్నంతవఱకు ఎంత బరువునైనను ఓర్చును. క్రింద ఒకచోట మెత్తనై మఱియొకచోట గట్టియైనచో వంగుట యెఱుగని ఆ పలక విఱుగును. ఇటుకయు అట్టిదే, బోలు సిమెంటు దిమ్మ అంతకంటె చెడ్డది. జాకీ అడుగున వేయదగినది కఱ్ఱయే. మూడు వ్రేళ్ళ మందమునకు తక్కువకాని, మూరెడు పొడుగు, జానెడున్నర వెడల్పుగల తుమ్మ లేక వేప పలక ఒకటి ట్రాక్టరు పెట్టెలో ఎల్లప్పుడు నుండవలెను. కఱ్ఱ విఱుగుటకుముందు వంగును, మూలుగును. మనిషి తప్పుకొనుటకు వ్యవధి నిచ్చును. జాకీతలకును ఇరుసునకును నడుమ ఇనుముమీద ఇనుము జాఱకుండ పలుచని కఱ్ఱముక్క వేయుట మంచిది. రాయిని మాత్రము చక్రములకు అడ్డుపెట్టుటకే వాడవలెను.

ట్రాక్టరు నెత్తుటలో కొన్ని విశేషములున్నవి. 45 గుఱ్ఱపుశక్తిగల ట్రాక్టరు సుమారు 2 టన్నులు తూగును. అందు సగమునకు మించి వెనుక ఇరుసుమీదనే పడును. ముందు ఇరుసు ఇంజనుక్రింద నడుమ నొకే కడ్డీమీద తక్కెడవలె ఊగుచుండును. చాలుగట్లు దాటునపుడు బండి ఒరగకుండ నాలుగు చక్రములును నేల నంటుటకు ఇట్లు చేసిరి. చేనిలో ఇది గొప్ప సౌకర్యము. ఎత్తునపుడు ఇదియే ముప్పు. చూచుటకు నాలుగు చక్రములున్నను నిజమునకు ట్రాక్టరు మూడు కాళ్ళ పీటవంటిది. వెనుక రెండు కాళ్ళు, ముందు నొక్కటి. వెనుక నొక ప్రక్క నెత్తగానే బండి యావత్తును ఆ ముందుకడ్డీపై మెల్లగా ఒరుగ జూచును. కావున వెనుకచక్రము విప్పుటకుముందు, ముందు ఇరుసునకును దానిపైనున్న చట్రమునకును నడుమ కుడియెడమల రెండు కఱ్ఱమేకులు బిగియగొట్టవలెను. ఊగుట ఆగిపోవును. మన గ్రామములలో ఈ పని చేయువారిని మేము చాల అరుదుగా చూచితిమి.

గేరులో నిలిపితిమి గదా, బండి కదలదని చాలమంది నమ్మకము. రెండు వెనుకచక్రములును నేలమీదనున్నంతవఱకు ఆ నమ్మకము నిజమే. ఒకటి గాలిలోనికి లేచినచో నిజము కాదు. రెండు చక్రములకు నడుమనుండు డిఫరెన్షియలు, ఒక చక్రము ముందునకు తిరిగిన రెండవది వెనుకకు తిరుగుటకు దారి యిచ్చును. గాలిలోని చక్రము స్వేచ్ఛగ తిరుగును గనుక నేలమీదిది దొర్లిపోవచ్చును. ఇంజను నిలిచియున్నను, గేరు పడియున్నను ఇట్లే జరుగును. అందుచే చేతిబ్రేకు వేసి, నేలమీదనున్న ప్రతిచక్రమునకును ముందొకటి వెనుకనొకటి అడ్డములు పెట్టవలెను. నట్లను చక్రము నేలమీద నుండగానే ఒక సుత్తు వదులుచేసికొనవలెను. పైకెత్తినపిదప పానాపై నిలువబడి త్రొక్కినచో జాకీని తన్నినట్లే యగును. వెనుకటైర్లలో నీరు నింపించుకొను అలవాటు మనలో గలదు. ఒక్కొక్క టైరున 100 లీటర్లకు మించి నీరుండును. ఇనుపబిళ్ళలుకూడ తగిలించియున్నచో ఆ చక్రమును విప్పి పట్టుట ఒక్కనివలన కాదు; అది ఒరిగినచో కాలు నలుగును.

ట్రాక్టరు వెనుకనుండు రోటవేటరు నెత్తు చేతులుకూడ ఒకవిధమైన లిఫ్టే యని మన మెఱుగము. పత్తికంప, గడ్డి కత్తులకు చుట్టుకొనినపుడు రోటవేటరును పైకి లేపి, ఇంజను నడుచుచుండగనే చేయి లోనబెట్టి పీకుదురు. ఆ చేతులను నిలుపునదియు నూనెయే. మీట తగిలినచో యంత్రము కాళ్ళపై పడును, పి.టి.ఓ. తగిలినచో కత్తులు తిరుగును. పి.టి.ఓ. తీసివేసి, ఇంజను ఆపి, తాళపుచెవి జేబులో వేసికొని, రోటవేటరుక్రింద దిమ్మలు పెట్టి, బరువును ఆ దిమ్మలమీదికి దింపి పని చేయవలెను. తాళపుచెవి బండికే వదలినచో పసివాండ్రు ఎక్కి త్రిప్పుదురు.

టిప్పింగు ట్రాలీవలన కలుగు కీడు అన్నిటికంటె ఎక్కువ. కారణము, దాని పెట్టె లేచియున్నపుడు క్రింద నిలువబడుటకు విశాలమైన చోటుండుటయే. పిన్నులకు గ్రీజు పెట్టుటకో, అడుగురేకు వెల్డింగు చేయుటకో మనుష్యులు ఇరుసునకును పెట్టెకును నడుమ దూఱుదురు. పెట్టెను పైన నిలిపియున్నది ట్రాక్టరునుండి వచ్చిన వ్రేలెడు లావు రబ్బరుగొట్టము. ఆ గొట్టము చిట్లినను, దాని ముడి వదులైనను, మీటపై ఎవరి మోచేయి పడినను పెట్టె యావత్తును క్రిందికి వచ్చును. కొన్ని ట్రాలీలకు తయారీలోనే ఇనుప ఊతకాలు అమర్చియుందురు, వాడుకలేక తుప్పుపట్టియుండును. లేనివారు వెల్డింగు షెడ్డులో చట్రమునకు తగిన లావుపాటి చానలు ఇనుముతో చేయించి, పైనను క్రిందను జాఱకుండ గుంటలు పెట్టించి, ట్రాలీకే బిగించుకొనవలెను. పెట్టెను ఆ కాలిమీదికి దింపి బరువు పడినపిదపనే క్రిందికి పోవలెను. ట్రాలీపెట్టె నెత్తుటకుముందు తలయెత్తి కరెంటుతీగలు చూచుటయు మఱువరాదు. చేలమీదుగా పోవు తీగలు మన ప్రాంతమున చాలచోట్ల సాగి క్రిందికి వ్రేలాడుచున్నవి.

ఇంకొక చిన్న సంగతి. ఏప్రిలు, మే నెలల యెండలో ఆదోని చుట్టుప్రక్కల చెట్టునీడ దొరకుట కష్టము. కూలీలును, పిల్లలును నిలిపియున్న ట్రాలీక్రింద పండుకొందురు. జాకీపైనున్న బండియా, చక్రములపైనున్న బండియా యని నిద్ర వచ్చినవాడు చూడడు. బండిని ఎత్తి వదలి ఊరిలోనికి సామానులకై పోవువారు దానిని స్టాండుపై దింపియైనను పోవలెను, చుట్టును ముండ్లకంప వేసియైనను పోవలెను.

చట్టము విషయము కొంచెము చెప్పుదుము. 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టమున 28వ సెక్షను, కంబముల నడుమ పైకి క్రిందికి నడచు లిఫ్టును ఆఱు నెలలకొకమాఱైనను అర్హుడైనవానిచే పూర్తిగా పరీక్ష చేయింపవలెననియు, అది మోయదగిన బరువును దానిపై స్పష్టముగా వ్రాయవలెననియు విధించెను. గొలుసులకు, తాళ్ళకు, కప్పీలకు 29వ సెక్షను పండ్రెండు నెలల గడువు పెట్టెను. యంత్రశక్తితో నడచుచు 10 మందియైనను పనిచేయు చోటనే ఆ చట్టము ఫ్యాక్టరీగా నెంచెను. 2020లో పార్లమెంటు దానిని కార్మికుల భద్రతా కోడ్‌లో కలిపి ఆ సంఖ్యను 20కి పెంచెను. మన షెడ్లలో పనివారు ముగ్గురో నలుగురో. వారివద్దకు ఇన్స్పెక్టరు రాడు. షెడ్డు యజమాని తానుగా ఆ ఆఱు నెలల గడువును పాటించి, ఉక్కుతాళ్ళు, తాళపునాలుకలు, నేలబోల్టులు చూపించి, ఆ తేదీని కంబముపై రంగుతో వ్రాసినచో మేము మా బండ్లను అచ్చటికే పంపుదుము. సభ్యులుకూడ తేదీ అడుగుట అలవాటు చేసికొన్నచో తేదీ వ్రాయుట వారికిని అలవాటగును.

జాగ్రత్త లెన్ని యున్నను ఎవడైన చిక్కుకొనినచో ఏమి చేయవలెను? అందఱును చేయు తప్పు బండిని ముందునకో వెనుకకో నడుపజూచుట. రెండవ తప్పు చేతులు పట్టి లాగుట. ఇంజనుండినచో ఆపవలెను. ఒకడు వెంటనే 108కి ఫోను చేయవలెను. ఛాతిపైనో, మెడపైనో బరువున్నచో క్షణమైనను జాగు చేయక దొరికినదానితో ఎత్తవలెను. ఎత్తునపుడు రెండు జాకీలు వేసి, లేచినకొలది ప్రక్కను దిమ్మలు పేర్చుచు రావలెను. లేనిచో మరల పడి రెండవమాఱు నలుపును. కాపాడవచ్చినవాడు తాను క్రిందికి దూఱరాదు. కాలో, తొడయో మాత్రమే చాలసేపు చిక్కి, ఊపిరి బాగుగనున్నచో, అంబులెన్సువారికి చిక్కిన సమయమును సరిగా చెప్పవలెను. చాలసేపు నలిగిన కండలోనుండి చెడునీరు, లవణములు ఒక్కసారిగా నెత్తురులో కలిసినచో గుండెకును, మూత్రపిండములకును కీడు కలుగును; వైద్యుడు దానికి సిద్ధపడవలెను. ఆదోనినుండి కర్నూలు పెద్దాసుపత్రి సుమారు 100 కిలోమీటర్లు. ఆ దారి పొడుగునను ఆ సమయము తెలిసియుండుట వైద్యమునకు మిక్కిలి తోడ్పడును.

కడపట స్టాండుల మాట. బరువును మోయు ఉక్కు స్టాండు ఒక్కొక్క రైతు కొనుటకు వెనుకాడును. జాకీ కొనుటకు వెనుకాడడు. ట్రాక్టరు నుండి వచ్చు రాబడితో పోల్చినచో ఇది యెక్కువ సొమ్ము కాదు గాని, అంగడిలో అడుగునపుడు ఎవరికిని గుర్తుండదు. పాత గొట్టములు కోసి వెల్డింగు చేసిన స్టాండులు కొన్నిచోట్ల అమ్ముచున్నారు. వాని పాదము ఇఱుకుగ నుండును, చీల పట్టు రంధ్రము వదులుగ నుండును, మోయు బరువు ఎచ్చటను వ్రాసియుండదు. అవి వలదు. మోయు బరువు ముద్రింపబడిన స్టాండులు నాలుగు, తుమ్మపలకలు నాలుగు, చక్రములకు వేయు అడ్డములు ఎనిమిది, ముందు ఇరుసునకు కొట్టు కఱ్ఱమేకులు రెండు ఒక పెట్టెలో చేర్చి సంఘపు గిడ్డంగిలో ఉంచినచో, సభ్యుడు పేరు వ్రాసి తీసికొనిపోయి మఱునాడు తెచ్చి యిచ్చును. పంటల కాలములో ఒక్క పెట్టె చాలకపోవచ్చును. గ్రామమునకొకటి కావలసి రావచ్చును. ఇట్టి యేర్పాటు తమ గ్రామమున అవసరమని తలంచు సభ్యులు, తమ యూరిలో ఎన్ని ట్రాక్టర్లు, ఎన్ని టిప్పింగు ట్రాలీలు ఉన్నవో వ్రాసి వచ్చే సర్వసభ్య సమావేశమునకు ముందుగా కార్యదర్శికి తెలియజేయ గోరుచున్నాము.